తొండ ముదురుట ఎప్పుడు?

తొండ ముదిరి ఊసరవెల్లి అయినదని తెలుగు నాట ఒక సామెత కలదు. జిత్తులమారి పిల్లవాడు పెద్దవాడై మరింత జిత్తులు నేర్చినప్పుడు పెద్దలు ఈ మాట అందురు. జంతుశాస్త్రము ప్రకారము చూచినచో తొండ ఎంత ముదిరినను ఊసరవెల్లి కాజాలదు. తొండలు అగామిడే అను కుటుంబమునకు చెందినవి. ఊసరవెల్లులు కమీలియోనిడే అను వేరొక కుటుంబమునకు చెందినవి. రెండు కుటుంబములును దగ్గరి జ్ఞాతులే యైనను, ఒక దాని పిల్ల పెరిగి మరియొకటి అగుట లేదు.

అయినను ఈ సామెతలో శాస్త్రజ్ఞులను చాలకాలము తికమక పెట్టిన ప్రశ్న ఒకటి దాగి యున్నది. తొండ ముదురుట అనగా నేమి? దాని శరీరము సంతానమును కనుటకు శక్తి గడించిన దినము ఒకటి. అడవిలోను, పొలములలోను అది నిజముగా మొదటిసారి గ్రుడ్లు పెట్టు దినము మరియొకటి. తన ప్రాణమునకు ముప్పు లేకుండ గ్రుడ్లు పెట్టగల దినము వేరొకటి. ఈ మూడును ఒకే దినమని సామాన్యముగా అనుకొందురు. అవి మూడు వేరువేరని తెలియుటకు సుమారు 200 ఏండ్లు పట్టినది. ఆ కథలో కొన్ని ముఖ్యమైన ఘట్టములు దక్షిణ భారతమున, రాయలసీమ వంటి మెట్ట ప్రాంతములలో జరిగినవి.

పేర్లు పెట్టిన కాలము

మన తోటలలోను, కంచెలమీదను కనబడు సామాన్యమైన తొండకు శాస్త్రీయ నామము కాలోటిస్ వెర్సికోలర్. 1802లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు డోదాఁ దీనిని మొదట వర్ణించెను. ఆయన పరిశీలించిన తొండ పుదుచ్చేరి నుండి పోయినది. వెర్సికోలర్ అనగా రంగులు మార్చునది అని అర్థము. సంతానోత్పత్తి ఋతువున పోతు తొండ తలయు, గొంతును ఎఱ్ఱబారుట ఆ పేరునకు తగియే యున్నది.

తరువాత 27 ఏండ్లకు, అనగా 1829లో, ప్రసిద్ధ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే తన 'జంతు రాజ్యము' అను గ్రంథము రెండవ కూర్పులో రెండు తొండలకు పేర్లు పెట్టెను. ఒకటి పుదుచ్చేరి తొండ. దాని పోతునకు గొంతు క్రింద విసనకఱ్ఱ వలె విచ్చుకొను తోలు ఉండును. ఈ రకపు తొండలు మన సీమలోని బీళ్లలోను, చౌడు నేలలలోను కూడ తిరుగును. రెండవది ఆస్ట్రేలియా నుండి వచ్చినది. కోపము వచ్చినప్పుడు గొంతు క్రింది ముండ్ల తోలును ఉబ్బించి గడ్డము వలె నిలుపుట దాని స్వభావము. అందుచేత దానికి 'గడ్డము గలది' అను అర్థము వచ్చునట్లు బార్బాటా అని పేరు పెట్టెను. ఇట్లు మన బీటి తొండయు, ఆస్ట్రేలియా గడ్డపు తొండయు ఒకే పుస్తకమున, ఒకే సంవత్సరమున లోకమునకు పరిచయమైనవి. రెండును అగామిడే కుటుంబమునకు చెందినవే.

ఈనాడు అనేక దేశములలో ఇండ్లయందు పెంచబడుచున్న గడ్డపు తొండ మాత్రము దీని దగ్గరి బంధువు. దానిని 1926లో జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్ వర్ణించెను. 1982లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు స్టోర్ గడ్డపు తొండల నన్నిటిని పోగోనా అను ప్రజాతిలో చేర్చెను. పెంపుడు తొండ పేరు పోగోనా విట్టిసెప్స్. తూర్పు ఆస్ట్రేలియా లోపలి భాగములయందలి ఎండు నేలలు దాని జన్మస్థానము.

మన దేశమున ఈ పని కొనసాగించిన వారిలో జెర్డన్ ఒకడు. కడప, నెల్లూరు ప్రాంతముల కలివికోడిని శాస్త్రలోకమునకు తెలిపిన వైద్యుడాయనయే. 1853లో ఆయన దక్షిణ భారత ద్వీపకల్పమందలి సరీసృపముల పట్టిక ప్రకటించెను. 1935లో మాల్కం స్మిత్ బ్రిటిషు ఇండియా జంతుజాల గ్రంథమాలలో బల్లులు, తొండలు, ఉడుముల కొఱకు ఒక సంపుటమును వెలువరించెను. పొలుసులు లెక్కించి, తోక కొలిచి జాతులను వేరుచేయుటకు ఈ గ్రంథములు మిక్కిలి ఉపకరించెను. కాని చచ్చి సీసాలోని సారాయిలో నిలువ యున్న తొండ తన పొడవును చెప్పగలదు గాని తన వయస్సును చెప్పలేదు. కడుపు కోసి చూచినచో గ్రుడ్లున్నవో లేవో తెలియును. ఆ గ్రుడ్లు మొదటివో, మూడవవో తెలియదు. కనుక తొండ ఎప్పుడు ముదురునను ప్రశ్న మ్యూజియములలో తేలలేదు. దానికై బ్రతికియున్న తొండను వెంబడింపవలసి వచ్చినది.

సీమలో తొండ సంవత్సరము

బ్రతికియున్న తొండ చరిత్రను మన దేశమున మొదట వివరముగా వ్రాసినవారిలో అసానా ఒకరు. 1931లో ఆయన సామాన్యమైన తొండ జీవిత విశేషములను బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో ప్రకటించెను. తొండ ఆహారము, పోతుల పోరాటము, పెంటి గ్రుడ్లు పెట్టు విధము మొదలగు విషయములు ఇట్టి పరిశీలనల మూలముగా తెలిసినవి.

కర్నూలు, కడప జిల్లాల ప్రజలకు ఆ దృశ్యము కొత్త కాదు. ఇక్కడి సాలువారీ వర్షపాతము సగటున 700 మిల్లీమీటర్లకు అటునిటుగా ఉండును. రోహిణి కార్తెలో బండలు కాలి పోవును. నాపరాతి పలకలను నిలిపి కట్టిన దొడ్ల గోడలపైనను, ఎఱ్ఱమల, నల్లమల, పాలకొండల పాదములందలి గుండ్లపైనను పోతు తొండలు తల ఎత్తి ఎత్తి దించుచు తమ హద్దులు చాటుకొనును. మృగశిర కార్తె వచ్చి ముంగారి వాన పడిన వెంటనే పుట్టల నుండి ఉసిళ్లు లేచును. పెంటి తొండ మెత్తబడిన నేలను ముందు కాళ్లతో త్రవ్వి, గుంటలో గ్రుడ్లు పెట్టి, మన్ను కప్పి, మూతితో అదిమి పోవును. తరువాత వాటి మంచిచెడ్డలు అది చూడదు.

వాన పడిన తరువాతనే గ్రుడ్లు పెట్టుటకు బలమైన కారణము కలదు. కోడిగ్రుడ్డు పెంకు వలె తొండ గ్రుడ్డు పెంకు గట్టిది కాదు. అది పలుచని తోలు వంటిది. లోపలి పిండము పెరుగుటకు కావలసిన నీటిలో కొంత భాగమును గ్రుడ్డు చుట్టునున్న తడిమన్ను నుండి పీల్చుకొని ఉబ్బును. పొడి నేలలో పెట్టిన గ్రుడ్డు ముడుచుకొని పాడగును. కొన్ని వారముల తరువాత పిల్లలు బయటపడునప్పటికి గడ్డి మొలచి, పురుగులు సమృద్ధిగా నుండును. పిల్లకు చలికాలము లోపల పెరుగుటకు తిండియు దొరకును. అనగా ఎండు నేలలోని తొండ పంచాంగమును వ్రాయునది వాన.

ధార్వాడ పరిశోధనలు

ఈ పంచాంగమును ప్రయోగశాలలో సూక్ష్మముగా పరిశీలించినది కర్ణాటక విశ్వవిద్యాలయమందలి జంతుశాస్త్ర శాఖ. అది ధార్వాడలో కలదు. అచ్చటి ఆచార్యులు సైదాపుర్, శాన్‌భాగ్, వారి శిష్యులు 1980ల నుండి పలు ఏండ్లు సామాన్యమైన తొండ పునరుత్పత్తిని శోధించిరి. వారి పరిశోధనలలో మన ప్రశ్నకు సంబంధించినవి మూడు.

మొదటిది: తొండ ఋతువునకు ఒకసారి మాత్రమే గ్రుడ్లు పెట్టి ఊరకుండదు. సుమారు మే నెల నుండి అక్టోబరు వరకు సాగు ఋతువులో ఒకే పెంటి పలుమార్లు గ్రుడ్లు పెట్టగలదు. రెండవది: పరిస్థితులు అనుకూలముగా లేనప్పుడు పెంటి పెంకు పట్టిన గ్రుడ్లను కూడ కడుపులోనే నిలిపి యుంచుకొనగలదు. వాన ఎప్పుడు వచ్చునో తెలియని నేలలో ఇది గొప్ప వరము. మూడవది: ఋతువు ఆరంభమున పుట్టిన పిల్లలు చక్కగా పెరిగి, మరుసటి ఋతువునకే సంతానోత్పత్తికి సిద్ధమగును. అనగా తొండ ఒక ఏడాదిలోనే తల్లి కాగలదు.

వయస్సును లెక్కించుటకు మరియొక మార్గమును ఒడిశాలోని శాస్త్రజ్ఞులు చూపిరి. చెట్టు మానును అడ్డముగా కోసినచో వలయములు కనబడును గదా. సరీసృపముల ఎముకలలోను అట్టి వలయములు ఏర్పడును. పెరుగుదల మందగించిన కాలమున ఒక గీత పడును. ఉష్ణమండలములో చలి తక్కువ గనుక ఈ గీతలు స్పష్టముగా ఉండవేమో యను సందేహముండెడిది. 1981లో పట్నాయక్, బెహెరా అనువారు తొండ ఎముకల నిర్మాణమును బట్టి దాని వయస్సును నిర్ణయింపవచ్చునని చూపిరి. అప్పటినుండి పొడవును బట్టి వయస్సు ఊహించుట అను బాధ కొంత తగ్గినది.

ఋషివ్యాలీ బండలమీద

రాయలసీమలోనే జరిగిన పరిశీలన ఒకటి ప్రత్యేకముగా చెప్పదగినది. మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ కలదు. అచ్చటి రాతి గుట్టలమీద సామోఫిలస్ డార్సాలిస్ అను రాతి తొండలు నివసించును. ఋతువున పోతుల రంగు ఎఱుపు, పసుపు, నలుపులతో మెఱయుచు దూరమునకు కనబడును. పెంటి బండ రంగులోనే కలిసిపోవును. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఈ తొండలకు గుర్తులు పెట్టి, ఏ తొండ ఏ బండపై ఎన్ని నెలలు కనబడినదో ఏండ్ల తరబడి వ్రాసుకొనిరి. దేవధర్, ఈశ్వరన్ అను పరిశోధకులు 2017లోను, 2018లోను ఈ విషయములపై వ్యాసములు ప్రకటించిరి.

ఆ గుర్తుల వలన తెలిసినదేమనగా, ఈ రాతి తొండలలో ఎక్కువభాగము ఒక్క సంతానోత్పత్తి ఋతువునే చూచును. పుట్టిన మరుసటి ఏడు పెద్దవగును, జతగూడును, గ్రుడ్లు పెట్టును. తరువాతి ఋతువునకు బ్రతికి యుండునవి చాల కొద్ది. బండమీద ఎల్లప్పుడును తొండ కనబడుచునే యుండును గనుక చూచువారు అది పాత తొండయే అనుకొందురు. నిజమునకు అది చాలవరకు నిరుటి తొండ పిల్ల.

ఇట్టి జీవితము మన సీమకే పరిమితము కాదు. అమెరికాలోని పశ్చిమ టెక్సాసు ఎండు నేలలలో టింకిల్ అను శాస్త్రజ్ఞుడు ఒక చిన్న బల్లిని ఇట్లే గుర్తులు పెట్టి పరిశీలించి, 1967లో దాని జీవిత చరిత్ర ప్రకటించెను. అదియు చాలవరకు ఏడాది జీవియే. 1970లో ఆయనయు, సహచరులును పలు బల్లి జాతుల వివరములను పోల్చి, అవి ముఖ్యముగా రెండు తెగలని చెప్పిరి: త్వరగా ముదిరి ఏటికి పలుమార్లు గ్రుడ్లు పెట్టునవి ఒక తెగ; ఆలస్యముగా ముదిరి ఏటికి ఒకేసారి పెట్టునవి మరియొక తెగ. 2008లో మడగాస్కరు దీవి నుండి మరింత వింతయైన వార్త వచ్చినది. అచ్చటి ఒక ఊసరవెల్లి సంవత్సరములో ఎనిమిది తొమ్మిది నెలలు గ్రుడ్డులోనే గడపి, బయటికి వచ్చిన రెండు నెలల లోపల ముదిరి, నాలుగైదు నెలలలో మరణించును.

తొందర ఎందులకు?

ఒక తొండ ఇంత చిన్న వయస్సుననే గ్రుడ్లు పెట్టుట తెలివితక్కువ పని వలె తోచును. మరియొక ఏడు ఆగినచో శరీరము పెద్దదగును. పెద్ద పొట్టలో ఎక్కువ గ్రుడ్లు పట్టును. మరి ఎందుకు ఆగదు? 1954లో లామాంట్ కోల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఇట్టి ప్రశ్నలను గణితముతో పరిశీలింపవచ్చునని చూపి, జీవిత చరిత్రల అధ్యయనమునకు పునాది వేసెను. ఆ పద్ధతిని ఒక చిన్న లెక్కతో విద్యార్థులు సులభముగా గ్రహింపవచ్చును. ఇందలి అంకెలు లెక్క కొఱకు కల్పించినవి.

100 పెంటి తొండలు ఉన్నవనుకొందము. మొదటి ఏడు ఒక్కొక్కటి 10 గ్రుడ్లు పెట్టగలదు. ఒక ఏడు ఆగినచో 20 పెట్టగలదు. కాని ఆగిన ఏడాదిలో గద్దలు, పాములు, కరవు కలిసి 90 తొండలను పొట్టన పెట్టుకొనినవి. ఆగకుండ పెట్టినచో 1,000 గ్రుడ్లు వచ్చును. ఆగినచో మిగిలిన 10 తొండలు 20 చొప్పున 200 గ్రుడ్లు మాత్రమే పెట్టును. కనుక తొందరపడు తొండల సంతతియే నేలపై నిలుచును. తల్లులలో కొన్ని ఆ ప్రయాసకు బలియైనను ఈ లెక్క మారదు. ఏలయన అవి ఆగియున్నను బ్రతికి యుండెడివి కావు.

ఇప్పుడు అంకెలు మార్చి చూడుడు. ఒక ఏడు ఆగినను 100లో 80 బ్రతుకునట్టి చోట, ఆగినవి 1,600 గ్రుడ్లు పెట్టును. అచ్చట ఓపిక గలవియే గెలుచును. త్వరగా ముదురుట మంచిది, ఆలస్యముగా ముదురుట మంచిది అను నియమము ప్రకృతిలో లేదు. రేపటి దినము ఎంత నమ్మదగినదో దానిని బట్టి ఆ వయస్సు నిర్ణయమగును.

గడ్డపు తొండ పెంపకములో ఈ పాఠము

పెంపుడు గడ్డపు తొండ విషయమున ఈ లెక్క చాల ముఖ్యమైనది. గ్రుడ్డు నుండి వచ్చినప్పుడు దాని పొడవు తోకతో కలిపి సుమారు 10 సెంటీమీటర్లు. బరువు రెండు మూడు గ్రాములు. ఇంటిలో వెచ్చని దీపము, ఎడతెగని ఆహారము దొరకుటచే అది వేగముగా పెరిగి, ఏడాది, ఏడాదిన్నర లోపల దాదాపు పూర్తి పరిమాణమునకు వచ్చును. చాలవరకు 8 నుండి 12 నెలలకు, కొన్ని అంతకు ముందే, సంతానోత్పత్తి శక్తి పొందును. పోతు గడ్డము నల్లబారి తల ఆడించుట మొదలిడును. దానిని చూచి యజమాని జత కలుపవచ్చునని అనుకొనును. అతడు పొరబడునది ఇక్కడనే.

సంతానమును కనగలుగుట వేరు, క్షేమముగా కనుట వేరు. పదినెలల పెంటికి తన ఎముకలింకను పెరుగుచునే యుండును. ఆ ఎముకలకు కాల్షియం కావలెను. గ్రుడ్లకును కాల్షియం కావలెను. పెంకునకే కాక, పిండము ఎముకలు కట్టుకొనుటకు పచ్చసొనలోను దానిని నింపవలెను. ఈ పెంటి ఒక్కొక్కసారి సుమారు 15 నుండి 30 గ్రుడ్లు పెట్టును. ఆహారములోని కాల్షియం చాలనప్పుడు శరీరము తన ఎముకలనే కరిగించి ఇచ్చును. దవడ మెత్తబడుట, కాళ్లు వంకరపోవుట, వణుకు పుట్టుట దాని లక్షణములు. కండరములు ముడుచుకొనుటకు కూడ కాల్షియం అవసరము గనుక, అది తగ్గినప్పుడు గ్రుడ్లను బయటికి నెట్టు శక్తియు క్షీణించును. శరీరము చిన్నదైనచో దారియు ఇరుకు. గ్రుడ్లు లోపలనే నిలిచిపోయినచో పశువైద్యుడు శస్త్రచికిత్స చేయవలసి రావచ్చును. ఆలస్యమైనచో ప్రాణమే పోవును.

ఒక్కసారి జత కలిపినచో ఒక్కసారితో పని ముగియదు. పెంటి పోతు బీజమును తన శరీరములో నిలువ యుంచుకొని, ఒక జతతోనే కొన్ని వారముల ఎడముతో రెండు మూడు మారులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు గ్రుడ్లు పెట్టగలదు. సీమ తొండకు వాన వెనుకబడుట, తిండి తగ్గుట సహజముగా విరామమిచ్చును. ఇంటిలో ఎల్లకాలము వేసవియే గనుక పెంపుడు తొండకు ఆ విరామము కూడ లేదు.

ఈ కారణములచే అనుభవము గల పెంపకపుదారులు పెంటికి కనీసము 18 నెలలు నిండువరకు, సాధ్యమైనచో రెండేండ్లు వచ్చువరకు జత కలుపరు. వయస్సుతో పాటు బరువును చూతురు. సుమారు 300 నుండి 350 గ్రాములు దాటి, తోక మొదలు నిండుగా ఉన్న పెంటినే తగినదిగా ఎన్నుకొందురు. అంతవరకు పోతును, పెంటిని వేరువేరు పెట్టెలలో ఉంచుదురు. చిన్న పెంటిని పోతు మెడ కొఱికి గాయపరచుటయు కలదు. ఆహారముపై కాల్షియం పొడి చల్లుదురు. అది వంటబట్టుటకు అవసరమగు విటమిన్ డి3 శరీరములో తయారగుటకై అతినీలలోహిత కిరణముల దీపము అమర్తురు. చలికాలమున కొంత విశ్రాంతి ఇత్తురు. పోతు లేకున్నను పెంటి పిల్లలు కాని వట్టి గ్రుడ్లు పెట్టవచ్చును గనుక ఈ జాగ్రత్తలు ఒంటరి పెంటికిని అవసరమే.

గ్రుడ్లను పొదిగించు వేడిలో కూడ వింత కలదు. గడ్డపు తొండలలో ఆడ మగ భేదమును సాధారణముగా క్రోమోజోములు నిర్ణయించును. కాని పొదిగెడి వేడి సుమారు 32 డిగ్రీలు దాటినప్పుడు, మగ క్రోమోజోములు గల పిండములు కూడ పెంటులుగా మారునని 2007లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అట్టివి అడవిలోను కలవని 2015లో తేలినది. మన తొండ విషయమునను పొదిగెడి వేడిమిని బట్టి ఆడ మగ నిష్పత్తి మారునని 2012లో మన దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

పెంపుడు గడ్డపు తొండ చక్కని సంరక్షణలో ఎనిమిది, పది ఏండ్లు బ్రతుకును. పైన చెప్పిన లెక్కలో అది రెండవ వరుసకు చెందినది: రేపటి దినమును నమ్మదగినది. ఋషివ్యాలీ బండపై తొండకు తొందర తప్పనిసరి; గాజు పెట్టెలో తొండకు ఆ అవసరమే లేదు. దాని శరీరము మాత్రము తన పూర్వికుల ఎండు నేలనే గుర్తుంచుకొని తొందరపడుచున్నది. ఆపవలసినవాడు పెంచువాడే.

ఆలస్యముగా ముదురు జీవులు

ఇదే లెక్క మన అడవులలో మరియొక విధముగా పనిచేయుచున్నది. కర్నూలు, కడప అడవులలోను, మెట్ట పొలములలోను ఉడుము కలదు. తొండ ఏడాదిలో తల్లి యగుచుండగా ఉడుమునకు రెండున్నర, మూడేండ్లు పట్టును. నక్షత్ర తాబేలునకు అంతకంటె చాల ఎక్కువ ఏండ్లు కావలెను. న్యూజిలాండులోని టువటారా అను ప్రాచీన సరీసృపమునకు పది ఏండ్లు దాటినగాని సంతానయోగ్యత రాదు. ఇవి పెద్దవైన తరువాత చాలకాలము బ్రతుకుదుమను నమ్మకముతో జీవితమును నడుపుకొను జంతువులు.

అట్టి నమ్మకమును మనుష్యుడు చెడగొట్టినప్పుడు నష్టము త్వరగా పూడదు. తొండను పిల్లలు రాళ్లతో కొట్టినను, మరుసటి వానకు ఆ గోడపై మరియొక తొండ వెలియును. రెండేండ్ల ఉడుమును మాంసము కొఱకు చంపినచో అది ఒక్కసారియు గ్రుడ్డు పెట్టకయే పోయినట్లు. పెంపకము కొఱకు దొంగతనముగా అమ్ముటకై పట్టుకొనిపోయిన నక్షత్ర తాబేలు పిల్లలు కూడ అట్టివే. ఈ కారణముననే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఉడుమును మొదటి షెడ్యూలులో చేర్చినది. నక్షత్ర తాబేలును 2019లో అంతర్జాతీయ వన్యజీవుల వ్యాపార ఒడంబడిక మొదటి అనుబంధమునకు మార్చి, దాని వ్యాపారమును నిషేధించినది. ఒక జంతువును కాపాడవలెనన్నచో, అవి ఎన్ని యున్నవని అడిగిన చాలదు. మొదటి గ్రుడ్డు పెట్టు వయస్సునకు ఎన్ని చేరుచున్నవని అడుగవలెను.

పాఠశాలలో చేయదగిన పని

ఈ ప్రశ్నకు సమాధానములు చాలవరకు ఖరీదైన పరికరములతో రాలేదు. ఒకే చోట ఓపికగా చూచి తేదీ వ్రాసుకొనుటచే వచ్చినవి. రాయలసీమలోని ఏ ఉన్నత పాఠశాల ప్రహరీ గోడపైనను తొండ ఉండును. దానిని పట్టవలసిన పని లేదు, తాకవలసిన పనియు లేదు. పోతు గొంతు ఎఱ్ఱబారిన మొదటి దినము, తొలి ముంగారి వాన పడిన దినము, పెంటి మన్ను త్రవ్వుచు కనబడిన దినము, చిటికెన వ్రేలంత పిల్లలు మొదట కనబడిన దినము: ఈ నాలుగు తేదీలను ఏటేట ఒక నోటు పుస్తకమున వ్రాసినచో చాలును. ఉపాధ్యాయుడు తరగతికి తరగతిగా ఆ పుస్తకమును అందించుచు పోవలెను. పదేండ్లు గడచునప్పటికి, వాన వెనుకబడిన ఏట తొండ ఏమి చేసినదో, కరవు ఏట పిల్లలు ఎప్పుడు వచ్చినవో ఆ ఊరి లెక్క ఆ ఊరి బడిలోనే దొరకును.